బొలెరో ఇంజన్ ఒక్కటే తియ్యాల, గేర్‌బాక్సు బండిలోనే ఉంచొచ్చా?

కావలి_డీఐ
అన్నలకు నమస్తే. బండి 2008 బొలెరో డీఐ, 2523 సీసీ, పాత మెకానికల్ పంపు, కామన్ రైల్ కాదు. రొయ్యల గుంటలకి మేత బస్తాలు తోలే బండి. రేడియేటర్ గొట్టం పగిలి నీళ్ళన్నీ పోయినా డ్రైవరు ఆపకుండా ఇంటిదాకా తోలుకొచ్చినాడు. హెడ్డు తీసి చూస్తే రెండో సిలిండర్లో పిస్టన్ పట్టేసిన గీతలు, గోరు పెడితే తగులుతుండాయి. బోరు కొట్టాలా (సిలిండరు లోపల కోసి పెద్దది చెయ్యడం), స్లీవు వెయ్యాలా (లోపల కొత్త గొట్టం దింపడం) అనేది బ్లాకు తెస్తే చూసి చెప్తామన్నారు లేత్ షాపులో.

మెకానిక్ ఏమో ఇంజనూ గేర్‌బాక్సూ కలిపి దించుదాం అంటాడు. గేర్‌బాక్సుకి ఏ జబ్బూ లేదు. దానికోసం కింద ఉన్న సామానంతా ఊడదీయడం ఎందుకని నా బాధ. షెడ్డులో ఇనప దూలం ఉంది, చైన్ బ్లాకు అద్దెకి తెచ్చుకుంటా. ఇంజన్ ఒక్కటే ముందుకి లాగి పైకి తియ్యొచ్చా? చేసినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి.

ఒంగోలు_గిత్త
కలిపే దించు తమ్ముడూ. కింద పడుకోని హౌసింగ్ (ఇంజన్‌కి ఆనుకోని క్లచ్‌ని కప్పి ఉండే గేర్‌బాక్సు ముందు గూడు) పై బోల్టులు విప్పడమంటే నరకం. రెండూ బయటికొస్తే నేల మీద పెట్టుకోని హాయిగా విప్పుకోవచ్చు. ఎక్కించేటప్పుడు కూడా క్లచ్ కంటి ముందరే కలుస్తది. మేం జీపులకీ ట్రాక్సులకీ అట్టానే చేత్తాం.

పాత_పానా
గిత్త చెప్పింది తప్పు కాదు గానీ, ఆ పద్ధతికి తగ్గ చోటు కావాల. రెండూ కలిస్తే సామాను బాగా పొడుగు. దాన్ని బయటికి తియ్యాలంటే ముందు భాగం ఎత్తి, వెనక తోక కిందికి బాగా వాల్చాల. అంత ఎత్తు నీ దూలానికి ఉందో లేదో. గేర్ ఆయిలు ముందే వంచేయాల, లేకపోతే వాల్చినప్పుడు తోక మూతిలోంచి కారిపోద్ది. ఇంజన్ ఒక్కటే తీస్తే ప్రొపెల్లర్ షాఫ్టు, గేర్ లివరు, స్పీడోమీటర్ కేబులు, రివర్స్ లైటు వైరు, గేర్‌బాక్సు వెనక మౌంటింగు ఏదీ ముట్టుకోబళ్ళేదు.

అయితే ఒకటి చూసుకో అబ్బయ్యా. గేర్‌బాక్సు లోంచి ఇన్‌పుట్ షాఫ్టు బయటికొచ్చి, క్లచ్ ప్లేటు మధ్యలో గాళ్ళలో దూరి, దాని కొస ఫ్లైవీల్ మధ్యన ఉండే పైలట్ బేరింగులో కూర్చోని ఉంటది. ఇంజన్ పైకి లేవకముందు ఆ షాఫ్టు పూర్తిగా బయటపడేదాకా తిన్నగా ముందుకే రావాల. అంటే ఇంజన్ ముందర జానెడు చోటన్నా ఖాళీ కావాల. రేడియేటరు, ఫ్యాను, దాని చుట్టూ ఉండే తొడుగు తీసేసినాక కొలు. ముందు గ్రిల్లు వెనక అడ్డపట్టీ బోల్టులతో ఉంటే అదీ తీసెయ్. చోటు చాలకపోతే మాత్రం ఇక వాదన లేదు, గేర్‌బాక్సుని వెనక్కి జరపాల, లేదా రెండూ కలిపి తియ్యాల.

కావలి_డీఐ
కొలిచినా బాబాయ్. రేడియేటర్, ఫ్యాన్ తీస్తే జానెడుకి పైనే ఉంది. అడ్డపట్టీ కూడా బోల్టులతోనే ఉంది.

కొత్తపట్నం_ఉప్పుగాలి
సముద్రం పక్క తిరిగే బండికి అసలు పని సైలెన్సర్ పైపు నట్ల కాడ మొదలవుద్ది. హెడ్డు తీసినవంటే మానిఫోల్డు కాడ ఇప్పటికే పోరాడి ఉంటావు. హౌసింగ్ బోల్టులకి, ఇంజన్ మౌంటింగులకి, స్టార్టర్ మోటారు బోల్టులకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిలు కొట్టి వదిలెయ్. పొద్దున ఇంకోసారి కొట్టు. పానా వేసినాక కదలకపోతే ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పు. గుంటల కాడ ఉప్పునీళ్ళు కారే ట్రేలు మోసిన బండ్లకి బోల్టు తల సగం తినేసి ఉంటది. ఆరు పలకల గొట్టం పానా వాడండి, పన్నెండు పలకలది జారి తల గుండ్రంగా చేస్తది.

సింగరాయకొండ_కుర్రోడు
బాబాయ్, చిన్న డౌటు. గేర్‌బాక్సు ఉంచేసి ఇంజన్ తియ్యడం కన్నా, ఇంజన్ ఉంచేసి గేర్‌బాక్సు దించడం తేలిక కదా?

పాత_పానా
క్లచ్ ప్లేటు పోయినా, రిలీజ్ బేరింగు (పెడలు తొక్కితే క్లచ్‌ని నొక్కేది) అరుస్తున్నా, క్రాంకు వెనక ఆయిల్ సీలు కారుతున్నా గేర్‌బాక్సే దించుకోవాల. వాటికోసం ఇంజన్ తియ్యడం బుద్ధితక్కువ. ఈ అబ్బయికి బ్లాకే లేతుకి పోవాల కదా. అందుకనే ఈ తిప్పలు.

కనిగిరి_డీజిల్
బ్లాకు తియ్యకుండా బండిలోనే బోరు కొట్టే మిషన్లు ఉన్నాయి గదా? పాత రోజుల్లో బ్లాకు మీద బిగించి కొట్టేవాళ్ళు.

పాత_పానా
ఉన్నాయి. కానీ ఇనప పొడి నూనె దారుల్లో పడితే కడిగేదెట్టా? క్రాంకు బండిలోనే ఉంటది. బేరింగులు గూడా వేడెక్కిన బండి ఇది. బయటికి తీసి క్రాంకు కొలిపించడమే మంచిది.

విజయవాడ_రూటు
ఇంత కష్టం ఎందుకండీ, సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి పెట్టుకోండి. దొరుకుతాయి.

ఒంగోలు_గిత్త
కాగితాలు ఎవరు చేపిత్తారు? ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఉంటది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇంజన్ మార్చినా రవాణా శాఖకి చెప్పాల్సిందే. ముందస్తు అనుమతి లేకుండా మారిస్తే 14 రోజుల్లోపు తెలపాల. పాత బండి నుంచి ఊడదీసిన ఇంజన్‌కి దాని పుట్టుపూర్వోత్తరాలు చూపించే కాగితం కావాల. దొంగబండి నంబరైతే నువ్వు స్టేషన్ చుట్టూ తిరగాల. సొంత బ్లాకు బోరు కొట్టించుకుంటే నంబరు అదే ఉంటది, ఈ గోలే లేదు. ఈ విషయంలో కావలి తమ్ముడిదే రైటు.

కావలి_డీఐ
ఇంజనే తీద్దామని అనుకున్నా అన్నా. మెకానిక్‌ని గూడా ఒప్పించినా. ఏ వరసలో పోవాలో పాత_పానా బాబాయ్ చెప్తే అట్టానే చేస్తాం.

పాత_పానా
పొద్దున్నే మొదలుపెట్టండి. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద పదకొండు దాటితే మనిషి బుర్ర పనిచెయ్యదు, అప్పుడే వేళ్ళు నలుగుతాయి.

బానెట్ కీళ్ళ చుట్టూ సున్నపు గీత గీసి ఊడదీయండి, మళ్ళా పెట్టేటప్పుడు అదే చోట కూర్చుంటది. బ్యాటరీ మైనస్ ముందు తీసి, తర్వాత ప్లస్ తీసి, బ్యాటరీ బయట పెట్టెయ్. నీళ్ళు, ఇంజన్ ఆయిలు వంచెయ్. ఏసీ ఉంటే దాని గొట్టాలు విప్పబాకండి. కంప్రెసర్ బోల్టులు తీసి, గొట్టాలతో పాటు పక్కకి తప్పించి తాడుతో కట్టెయ్, గ్యాసు పోదు. హైడ్రాలిక్ క్లచ్ అయితే హౌసింగ్ పక్కన ఉండే చిన్న సిలిండరు గూడా అంతే. గొట్టం విప్పకుండా బోల్టులు తీసి పక్కకి కట్టు. ఆ తర్వాత ఎవురూ క్లచ్ పెడలు తొక్కకుండా చూసుకో, తొక్కితే పిస్టను బయటికి దూకి నూనె పోద్ది.

డీజిల్ గొట్టాలు రెండు ఉంటాయి, పోయేది ఒకటి, తిరిగొచ్చేది ఒకటి. ఏది ఏదో రంగు పెట్టి, కొసలకి తొడుగులు పెట్టు. బ్రేక్ బూస్టర్‌కి పోయే వాక్యూమ్ గొట్టం, యాక్సిలరేటర్ కేబులు, ఆయిల్ ప్రెజర్ వైరు, టెంపరేచర్ వైరు, ఆల్టర్నేటర్ వైర్లు, స్టార్టర్ వైర్లు అన్నిటికీ కాగితం ముక్కలు కట్టి రాసుకోండి. ఫోనుతో ఫోటోలు తీసుకున్నా సరే. ఇంజన్ నుంచి చాసిస్‌కి పోయే ఎర్త్ పట్టీ మర్చిపోబాకండి. అది పైకెత్తేటప్పుడు తెగినా, తిరిగి బిగించేటప్పుడు వదిలేసినా, స్టార్టర్‌కి కావాల్సిన కరెంటంతా యాక్సిలరేటర్ కేబులు గుండా పోయి కేబుల్ని కాల్చేస్తది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది. హౌసింగ్ బోల్టులు వదులు చెయ్యకముందే గేర్‌బాక్సు కింద జాకీ, దాని మీద చెక్క దిమ్మ పెట్టు. చైన్ బ్లాకుతో ఇంజన్ బరువు కొంచెం ఎత్తి పట్టుకో. బోల్టులు వచ్చేసినాక ఇంజన్ బరువు ఇన్‌పుట్ షాఫ్టు మీద వాలకూడదు, గేర్‌బాక్సు బరువు కూడా క్లచ్ ప్లేటు మీద వేలాడకూడదు. వేలాడిందా, ప్లేటు మధ్య భాగం వంకర పోద్ది, బేరింగు చెడుద్ది. బండి స్టార్ట్ చేసినాక క్లచ్ సరిగ్గా వదలక గేరు పడదు. అప్పుడు ఏం తప్పు జరిగిందో తెలీక మళ్ళా దించుకోవాల.

చీమకుర్తి_రాయి
లిఫ్టింగ్ గురించి ఎవరూ అడగలేదు గానీ నేను చెప్పాల. మాది గ్రానైట్ లోడింగ్ పని. ఇంజన్‌కి ఎత్తే కొక్కేలు మామూలుగా హెడ్డుకి ఉంటాయి. నీ ఇంజన్‌కి హెడ్డే లేదు. చైను దేనికి తగిలిస్తావు?

కావలి_డీఐ
అదే అన్నా, బ్లాకు చుట్టూ నైలాన్ తాడు కట్టి...

చీమకుర్తి_రాయి
వద్దు. తాడు సంపు (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) అంచుకి ఒరుసుకొని తెగుద్ది, లేదా సంపు రేకే అణిగిపోద్ది. హెడ్ బోల్టుల రంధ్రాలు వాడు. ముందు ఒకటి, వెనక ఒకటి, ఐమూల. మందపాటి ఇనప పట్టీలకి రంధ్రం వేసి, అదే గాడి ఉన్న బోల్టుతో బ్లాకు మీదికి ఒత్తుకునేట్టు బిగించు. పాత హెడ్ బోల్టులు పొడుగ్గా ఉంటాయి, సగం బయటే ఉండిపోతే చైను లాగినప్పుడు వంగుతాయి. అదే గాడి పొట్టి బోల్టులు తెచ్చుకో, తల మీద 8.8 అని ఉండాల, మామూలు కిటికీ బోల్టులు కాదు. గాడి కనీసం బోల్టు లావంత లోపలికి పోవాల. రెండు చైన్ల మధ్య కోణం ఎంత వెడల్పయితే ఒక్కో చైను మీద లాగుడు అంత పెరుగుద్ది, అందుకని కొక్కెం కొంచెం ఎత్తులో ఉంచు.

ఇంకోటి, మడత క్రేను అద్దెకి తెచ్చేవాళ్ళు గమనించండి. దాని మీద రెండు టన్నులు అని రాసి ఉన్నా అది చెయ్యి పొట్టిగా ఉన్నప్పుడే. చెయ్యి చివరిదాకా లాగితే అందులో చాలా తగ్గిపోద్ది, రంధ్రాల పక్కన రాసే ఉంటది. ఇంజన్ కింద ఎవరూ తల పెట్టబాకండి.

కనిగిరి_డీజిల్
మా నాయన వాళ్ళు అంబాసడర్ ఇంజన్‌ని వేపచెట్టు కొమ్మకి చైన్ వేసి లాగేవాళ్ళు 😄

చీమకుర్తి_రాయి
కొమ్మ విరిగిన కథలు ఎవరూ చెప్పరు కాబట్టి ఆ పద్ధతి బాగుందనిపిస్తది.

కావలి_డీఐ
ఈరోజు మొదలుపెట్టినాం. అన్నీ విప్పేసినాం. హౌసింగ్ పై బోల్టులకి పొడుగు ఎక్స్‌టెన్షన్, దాని కొసన వంగే జాయింటు పెట్టి, గేర్‌బాక్సు పక్కనుంచి చేరినాం. అందకపోతే బాబాయ్ ఫోన్లో చెప్పినట్టు ఇంజన్ మౌంటింగులు వదిలి ముందు కొంచెం ఎత్తితే వెనక వాలి బోల్టు తల కనపడింది. కానీ ఇంజన్ కదలడం లేదు. వెంట్రుక వాసి కూడా జరగలేదు. మెకానిక్ టామీ (ఇనప కడ్డీ) పెట్టి తిప్పుదామంటున్నాడు.

పాత_పానా
టామీ పక్కన పెట్టమను! కదల్లేదంటే ఎక్కడో బోల్టు మిగిలింది, లేదా డోవెల్ పిన్నులు (రెండు మూతులూ తిన్నగా కలిసేట్టు పట్టి ఉంచేవి) తుప్పు పట్టినాయి. ముందు బోల్టు వెతుకు.

కొత్తపట్నం_ఉప్పుగాలి
కింద ఫ్లైవీల్ మూసే రేకు దగ్గర చూడు. ఇంకా స్టార్టర్ తీసిన గుంత లోపలి వైపు. జిడ్డు మట్టి గట్టిపడి బోల్టు తల కనపడదు. స్క్రూడ్రైవర్‌తో మట్టి గీకి, డీజిల్‌తో కడిగి చూడు.

కావలి_డీఐ
దొరికింది! కింది రేకు వెనక, జిడ్డులో పూడిపోయి ఉంది. అది తీసినా గూడా పిన్నులు బిగుసుకొనే ఉన్నాయి.

పాత_పానా
డోవెల్ పిన్నుల కాడ ఆయిలు కొట్టి, కొయ్య సుత్తితో హౌసింగ్ అంచు చుట్టూ మెల్లిగా కొట్టండి. సందు తెరుచుకున్నాక రెండు వైపులా సమానంగా రానివ్వాల. ఒక పక్క ఎక్కువ తెరుచుకుంటే పిన్ను ఇరుక్కుంటది. మూతులు కలిసే చోట పదునైన ఇనుము దూర్చబాకండి, అల్యూమినియం హౌసింగ్ అయితే ఒక్క దెబ్బకే గాటు పడుద్ది. సందు వచ్చినాక చైను ఎత్తు, గేర్‌బాక్సు జాకీ ఎత్తు రెండూ సరిచూసుకుంటా ఇంజన్‌ని ముందుకు ఊపండి. పైకి లాగే తొందర వద్దు.

కావలి_డీఐ
బయటికొచ్చింది 🙏 షాఫ్టు క్లచ్ లోంచి పూర్తిగా ఊడిందని టార్చి వేసి చూసినాకే పైకెత్తినాం. సాయంత్రం ఫోటోలు పెడతా.

ఒంగోలు_గిత్త
శభాష్. నేనింక మాట్లాడను.

చీమకుర్తి_రాయి
గేర్‌బాక్సు జాకీ మీదే వదిలేసి ఇంటికి పోబాక. జాకీ నూనె దిగి మెల్లిగా కుంగుద్ది. చాసిస్ మీద అడ్డంగా పైపు వేసి, దానికి హౌసింగ్‌ని చైన్‌తో వేలాడదియ్యి. షెడ్డులో పిల్లలు తిరుగుతారేమో గూడా చూసుకో. ఇన్‌పుట్ షాఫ్టు మీద గుడ్డ చుట్టు, దుమ్ము పడకుండా.

మైపాడు_స్విఫ్ట్
ఇది చూసి నాకూ ధైర్యం వచ్చింది. నా స్విఫ్ట్ డీజిల్‌కి గూడా ఇట్టానే గేర్‌బాక్సు ఉంచి ఇంజన్ తియ్యొచ్చా?

పాత_పానా
ఆగు నాయనా. బొలెరోలో ఇంజన్ నిలువుగా ఉంటది, వెనక చక్రాలు తిరుగుతాయి. నీ బండిలో ఇంజన్ అడ్డంగా, పక్కనే గేర్‌బాక్సు, ముందు చక్రాలకి షాఫ్టులు. ఇంజన్ ముందుకి కాదు, పక్కకి జరగాల, టైమింగ్ వైపు బాడీ తగులుద్ది. పైగా గేర్‌బాక్సుకి ఇంజన్‌తో కలిపే ఆధారం. ఇంజన్ తీసేస్తే దాన్ని వేరే కట్టాల. అట్టాంటి బండ్లకి రెండూ కలిపి తియ్యడమే మామూలు పద్ధతి. ఓమ్ని వ్యానయితే ఇంకో రకం, ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటది కాబట్టి బాడీ ఎత్తి కింద నుంచే దించాల.

బెంగళూరు_నెల్లూరాయన
ఆటోమేటిక్ బండ్ల గురించి ఒక మాట. అందులో క్లచ్ బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. స్టార్టర్ రంధ్రం లోంచో, కింద రేకు తీసో, ఇంజన్ ఫ్లెక్స్ ప్లేటుకి (ఫ్లైవీల్ బదులు ఉండే పలుచటి పళ్ళెం) దాన్ని బిగించిన బోల్టులు ఒక్కొక్కటీ ముందుకి తిప్పుకుంటూ తీయాలి. కన్వర్టర్ గేర్‌బాక్సుతోనే ఉండిపోవాలి, ఇంజన్‌తో రాకూడదు. ఎక్కించే ముందు అది లోపలి పంపులో పూర్తిగా కూర్చుందో లేదో తప్పక చూడాలి. కూర్చోకుండా బోల్టులు బిగిస్తే పంపు పగులుతుంది.

కావలి_డీఐ
బ్లాకు లేతు నుంచి వచ్చింది. నాలుగూ బోరు కొట్టి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసినారు, క్రాంకు గూడా సరి చేసినారు. ఎక్కించే ముందు ఏమేం మార్చాల?

పాత_పానా
క్రాంకు వెనక ఆయిల్ సీలు, పైలట్ బేరింగు, రిలీజ్ బేరింగు. డబ్బులుంటే క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు గూడా. ఇంత తెరిచినాక రిలీజ్ బేరింగు కాడ పిసినారితనం వద్దు. గేర్‌బాక్సు ముందు మూతి సీలు తడిగా ఉందేమో చూడు. క్లచ్ ప్లేటు బిగించేటప్పుడు స్ప్రింగులు పొడుచుకొచ్చిన వైపు గేర్‌బాక్సు దిక్కు ఉండాల. ప్లేటుని మధ్యకి తెచ్చే కడ్డీ లేకపోతే ఏ గ్యారేజీలోనన్నా పాత ఇన్‌పుట్ షాఫ్టు దొరుకుద్ది, అదే పెట్టుకోని బిగించు. గాళ్ళకి గ్రీజు పల్చగా పుయ్యి. ఎక్కువ పూస్తే క్లచ్ ప్లేటు మీదికి చిమ్ముద్ది.

కావలి_డీఐ
ఎక్కిస్తున్నాం ఇప్పుడే. దాదాపు కలిసింది, కానీ వేలు దూరేంత సందు మిగిలింది. ఇక పోవడం లేదు.

విజయవాడ_రూటు
పొడుగు బోల్టులు వేసి బిగించుకుంటూ రండి, అదే లోపలికి పోతుంది.

పాత_పానా
బిగించబాకండి! ఎవురు చెప్పినా సరే. బోల్టులతో లాగితే హౌసింగ్ చెవి విరుగుద్ది, లేదా ప్లేటు మధ్య భాగం నలుగుద్ది. రోట్లో రోకలి దిగినట్టు షాఫ్టు తిన్నగా దిగాల, దానికి బలం అక్కర్లేదు. బండి చక్రాలు నేల మీద ఉన్నాయి గదా? టాప్ గేరులో వెయ్యి, షాఫ్టు తిరక్కుండా ఆగుద్ది. ముందు క్రాంకు పుల్లీ నట్టుకి పానా వేసి మెల్లిగా అటూ ఇటూ తిప్పు, ఇంకొకరు ఇంజన్‌ని వెనక్కి తోస్తా ఉండండి. గాళ్ళు కలిస్తే అదే పోద్ది. కలవకపోతే చుట్టూ సందు చూడు. పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటే ఎత్తులు సరిగా లేవు, జాకీ సరిచెయ్.

కావలి_డీఐ
పోయింది బాబాయ్!! పుల్లీ కొంచెం తిప్పేసరికి టక్కుమని మూతులు కలిసినాయి. బోల్టులన్నీ చేత్తో పట్టించినాకే పానా వేసినాం.

కనిగిరి_డీజిల్
స్టార్ట్ చేసే ముందు డీజిల్ ఆపే వైరు తీసేసి స్టార్టర్ కొద్దికొద్దిగా కొట్టు, ఆయిల్ లైటు ఆరేదాకా. ఆరినాక ఫిల్టరు కాడ చేతి పంపు కొట్టి గాలి తియ్యి. ఇంజెక్టర్ పైపు నట్లు కొంచెం వదిలి స్టార్టర్ కొట్టు, బుడగల్లేని డీజిల్ వచ్చినాక బిగించు. కొత్త బోరుకి మొదట్లో బస్తాల లోడు వెయ్యబాక, స్పీడు గూడా ఒకే తీరున లాగబాక.

కావలి_డీఐ
అట్టానే చేసినా, స్టార్టయింది. తెల్లపొగ కొంచెం వచ్చి ఆగింది. క్లచ్ పెడలు మామూలుగానే ఉంది, సిలిండర్ గొట్టం విప్పలేదు కాబట్టి గాలి తీసే పనే పడలేదు. గేర్లు మెత్తగా పడుతుండాయి. కింద ఆయిలు చుక్క లేదు.

సింగరాయకొండ_కుర్రోడు
అన్నా ఆ చైన్ బ్లాకు ఎక్కడ అద్దెకి తెచ్చావు? మా బాబాయి ట్రాక్సుకి పని పడింది.

కావలి_డీఐ
ఇంకా నా కాడే ఉంది, ఎల్లుండి తిరిగిచ్చేయాల. ఈలోపు వచ్చి పట్టకపో, మిగతా అద్దె నువ్వు కట్టుకో. హెడ్డుకి కొక్కేలు ఉన్నాయో లేవో ముందు చూసుకో. లేకపోతే నేను చేయించిన పట్టీలు ఇస్తా, బోల్టు గాడి నీ బ్లాకుకి సరిపడుద్దో లేదో చూసుకోని వాడు.